యాత్రసంచి

ఎవరేని ప్రయాణమునకు బయలుదేరుచున్నారనగానే మన యిండ్లలో మూటలు గట్టు పని యాడువారిదే యగును. మగవారు గుమ్మముకడ నిలిచి "అన్నీ పెట్టావా?" యని యడుగుదురు. మనము "పెట్టాను" అందుము. ఆ యొక్క మాటతో వారు నిశ్చింతులగుదురు. ఆ మూటలో నేది యెచ్చట నున్నదో యెఱిగినది మాత్రము మన మొక్కరమే. ముప్పది యేండ్లుగా నేనును అట్లే మూటలు గట్టితిని. అందు నాకు కొంత గర్వమును గలదు. ఆ గర్వము శ్రీశైలపు టడవిలో, భీముని కొలనుకు దిగు మెట్లమీద, ఒక సాయంకాలము పటాపంచలయ్యెను. ఆ కథయు, దానివలన నేను నేర్చుకొన్న సంచి సర్దుబాటును సోదరీమణులకు దెలుపవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది గుంటూరు జిల్లాలోని ప్రత్తిపాడు. ఊరి పేరులోనే ప్రత్తి యున్నది, చుట్టును నల్లరేగడి. ప్రత్తియు మిరపయు మా బ్రదుకు. మహాశివరాత్రి వచ్చునప్పటికి మిరపకోతలు ముమ్మరముగా నుండును. కళ్లములలో కాయ యెండుచుండును. ఇల్లు కదలుటకు అది మంచి యదను గాదు. అయినను మా వారి అక్కగారికి, అనగా మా వదినగారికి, కాలినడకను బోయి మల్లన్నను జూడవలెనని చిరకాలపు మ్రొక్కు. ఆమెకు అఱువది యేండ్లు దాటినవి. పదియేండ్లుగా మధుమేహము, ప్రొద్దునను సాయంకాలమును ఇన్సులిన్ సూది వేసికొనును. వైద్యుడు నడచుట కంగీకరించెను గాని, వేళకు భోజనము తప్పరాదనియు, చక్కెర యెల్లప్పుడు చేతికందు చోట నుండవలెననియు రెండు సారులు చెప్పి పంపెను. "చేతికందు చోట" నను మాట యప్పుడు నా చెవిని బడెనే గాని మనసున నాటలేదు.

మేము నలుగురము: వదినగారు, ఆమె కుమారుడు, కోడలు, నేను. గుంటూరు నుండి వినుకొండ, దోర్నాలల మీదుగా ఆత్మకూరు చేరితిమి. ఆ యూరు 2022 నుండి నంద్యాల జిల్లాలో నున్నది. దానికి జేరువ నున్న వెంకటాపురముకడ బండి దిగి నడక యారంభింపవలెను. నాగలూటి వీరభద్రస్వామి గుడి, పెచ్చెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారము, ఇవి వరుసగా వచ్చు మజిలీలు. మొత్తము సుమారు 40 కిలోమీటర్ల దారి. ఇది నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల రక్షితారణ్యములోని మార్గము గావున, శివరాత్రి, ఉగాది పండుగల దినములలోనే యాత్రికులను విడుచుట వాడుక.

దారి మాత్రము ప్రాచీనమైనది. అద్దంకి రాజధానిగా నేలిన ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దమున శ్రీశైలమునకును అహోబిలమునకును మెట్లు గట్టించెను. ఆ వంశమువారు తరువాత రాజధానిగా జేసికొన్న కొండవీడు మా యూరికి వాయవ్యముననే యున్నది. 1830వ సంవత్సరమున చెన్నపట్టణము నుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు గూడ ఆత్మకూరు మీదుగా నీ యడవి దాటియే శ్రీశైలము సేవించిరి. వారి కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయ్యెను. వారికి పల్లకీయు, బోయీలును, సామాను మోయు పరివారమును గలరు. మనకు మన భుజములే గదా! కావున నెంత మోయవలెను, ఎట్లు సర్దవలెను అను ప్రశ్న వారికంటె మనకే యెక్కువ యవసరము.

మొదటి యేడు నేను సర్దిన సంచిని వర్ణింతును. మా అబ్బాయి కాలేజీలో మోసి విడిచిన పెద్ద వీపుసంచి దొరకినది. అందు నాలుగు చీరలు, రెండు దుప్పట్లు, మూడు గిన్నెల స్టీలు క్యారియరు, రాగి చెంబు, గాజుసీసాలో ఆవకాయ, జంతికల డబ్బా, స్వామికి మూడు కొబ్బరికాయలు, దీపపు కుందె, నూనె, గొడుగు, పెద్ద టార్చిలైటు పెట్టితిని. చిన్న వస్తువులకు లెక్కయే లేదు. దువ్వెన, అద్దము, సూదిదారము, పిన్నీసులు, మాత్రలు, దూది, చక్కెర పొట్లము, సబ్బు, అగ్గిపెట్టె, కత్తెర, ఇట్టివన్నియు వేర్వేఱు ప్లాస్టిక్ కవర్లలో జుట్టి ముడులు వేసి, సందు దొరకిన చోటనెల్ల గ్రుక్కితిని. మిరపకాయలు తూచు కాటామీద బెట్టగా నీరుగాక 11 కిలోలు తూగెను. మిరప టిక్కీ యొక్కొక్కటి నలుబది కిలోలకు తక్కువ గాని మా యింట, 11 కిలోలు ఎవరికిని బరువుగా దోపలేదు.

అడవిలోనికి ప్లాస్టిక్ కొనిపోరాదని వెంకటాపురము చేరిన తరువాత గాని నాకు దెలియలేదు. నియమము మంచిదే, ముందుగా దెలిసికొనకపోవుట నాదే తప్పు. కవర్లన్నియు విప్పి యచ్చటనే విడిచి, వానిలోని వస్తువుల నున్నవి యున్నట్లు సంచిలో గ్రుమ్మరించితిని. "ఏవి ఎక్కడున్నాయో తెలుసా అత్తయ్యా?" యని కోడలుపిల్ల యడిగినది. "నాకు తెలుసులే, ఏది కావాలన్నా నన్నడుగు" అంటిని.

మొదటి రాత్రి నాగలూటియొద్ద గడచెను. రెండవ దినమున ఎండ తీవ్రముగా నుండెను. వదినగారు వ్రతనిష్ఠచే నొక పూటయే తినెదనని పట్టుపట్టి, మధ్యాహ్నము రెండు అరటిపండ్లతో సరిపెట్టుకొనిరి. సూది మాత్రము ఉదయము మామూలుగానే వేసికొనిరి. ఇన్సులిన్ వేసికొనువారు ప్రతిదినముకంటె నెక్కువ నడచి, తక్కువ తినినచో, నెత్తురులోని చక్కెర యమితముగా బడిపోవును. ఈ సంగతి మాకు దెలియనిది గాదు. తెలిసియు దేవుని పనియని యూరకుంటిమి.

ప్రొద్దు వాలు వేళకు భీముని కొలనుకు దిగు మెట్లు చేరితిమి. ఆ మెట్లు నిలువునా లోయలోనికి దిగును. రాళ్లు కాలి ఒరపిడికి నున్ననై యున్నవి. సగము దిగునప్పటికి వదినగారు హఠాత్తుగా నొక మెట్టుపై గూలబడిరి. "అమ్మాయ్, కళ్లు తిరుగుతున్నాయే" యనిరి. నుదుట చెమట ధారలు గట్టుచున్నది, చేతులు వణకుచున్నవి. మఱి రెండు నిమిషములకు మాట తడబడజొచ్చినది. కుమారుని పేరు పిలువబోయి వేఱొక పేరు పిలిచిరి.

చక్కెర సంచిలో నున్నది. సంచి నా వీపుననే యున్నది. దింపి, తెఱచి, చేయి పెట్టితిని. చీర తగిలెను, క్యారియరు తగిలెను, జంతికల డబ్బా తగిలెను. పొట్లము తగులలేదు. చీకటి పడుచున్నందున లోన గానరాలేదు. టార్చిలైటు తీయుదమన్న నదియు నడుగుననే యున్నది. మేనల్లుడు "ఏ పక్కన పెట్టావత్తయ్యా?" యని యడుగుచున్నాడు. నేను "ఇక్కడే, ఇక్కడే" యనుచున్నాను. తుదకు సంచి బోర్లించితిని. కొబ్బరికాయ యొకటి దొరలి మెట్లవెంట లోయలోనికి బోయినది. కాగితపు పొట్లము చిరిగి చక్కెర యంతయు చీరల మడతలలో నొలికియున్నది. సెల్ ఫోను తీసి చూచితిమి. ఆ లోయలో నది పలుకలేదు.

అంతలో మా వెనుక దిగివచ్చుచున్న యొక స్త్రీ యాగినది. నలుబది యేండ్లుండును. భుజమున చిన్న మూట, చేత కఱ్ఱ, నడుమున గుడ్డసంచి. "ఏందమ్మా, ఏమైంది?" యని యడిగినది. షుగరు పడిపోయినదని చెప్పుచుండగనే యామె చేయి నడుమునకు బోయెను. చూడనైన జూడలేదు, బెల్లపు గడ్డ తీసి, చిదిపి, వదినగారి నోట బెట్టినది. "నములు తల్లీ, నములు" అని వెన్ను నిమిరినది. ఇదంతయు నేను సంచి మూతి విప్పినంత సేపైన బట్టలేదు.

పావుగంటకు వదినగారు తేఱుకొనిరి. మఱికొంత బెల్లము, తరువాత నా జంతికలు తినిపించితిమి. నేను కన్నీరు దుడుచుకొనుచు మెట్లపై జెదరిన సామానులు ఏఱుకొనుచుండగా నామెయు సాయపడినది. "అంత సంచిలో యాడ దొరుకుద్దమ్మా! కావలసింది ఒంటిమీద ఉండాలగా" యన్నది. ఆమె నడుముననున్న దేమని యడిగితిని. నవ్వి, "పత్తి తీసేటప్పుడు కట్టుకునే ఒడేనమ్మా, చిన్నది కుట్టుకున్నా" నన్నది.

సోదరీమణులారా! ఆ ఒడిని నేను పుట్టి బుద్ధియెఱిగిన నాటినుండి చూచుచునే యున్నాను. మా చేలలో ప్రత్తి తీయు నాడువారందఱు నడుమున నట్టి గుడ్డ గట్టుకొందురు. రెండు చేతులును పనిలో నుండగా, వంగక, వెదకక, కన్ను మఱల్పక, తీసిన ప్రత్తిని తీసినట్లు అందులో వేయుదురు. సాయంకాలము వారి ప్రత్తి తూచి కూలి చెల్లించు చేతులు నావి. అయినను ఆ ఒడిలో నొక విద్య యున్నదని నాకెన్నడును దోచలేదు. కొలనుకడ నీరు త్రాగి లేచిన తరువాత ఆమె తన జట్టుతో ముందుకు సాగిపోయినది. ఏ యూరో యడుగుటకైన నాకు దెలివి లేకపోయినది.

మఱునాడు స్వామిదర్శనమైనది, ఇంటికి వచ్చితిమి. నాలుగు దినములు నేనా సంచిని ముట్టలేదు. అయిదవ దినమున కళ్లములో మిరపకాయ పోయు పట్టా యొకటి పంచలో బఱచి, సంచిలోని సామానంతయు దానిమీద గ్రుమ్మరించితిని. మిరపకాయలలో తాలు ఏఱినట్లు వానిని మూడు రాశులు చేసితిని. వాడినవి యొక రాశి. ఒక్కసారియు వాడనివి రెండవ రాశి. కావలసినప్పుడు దొరకనివి మూడవ రాశి.

రెండవ రాశియే అన్నిటికంటె పెద్దది. గొడుగు, కుందె, నూనె, క్యారియరులో రెండు గిన్నెలు, రెండు చీరలు, అద్దము, కొబ్బరికాయలు అందులోనివే. కొబ్బరికాయలు శ్రీశైలముననే దొరకును గదా! వానిని నలుబది కిలోమీటర్లు మోయుట భక్తి గాదు, ఆలోచన లేకపోవుట. ఈ రాశి తూచగా దాదాపు 6 కిలోలు. మూడవ రాశియో, పిడికెడు: చక్కెర, టార్చిలైటు, బొబ్బలకు బెట్టు మందుపట్టీ, పిన్నీసులు, కత్తెర. మొత్తము అరకిలో లేదు. మేము 6 కిలోల బరువును ఊరక మోసితిమి. అరకిలోలోపల నున్న ప్రాణాధారమును మాత్రము చేజార్చుకొంటిమి.

మా అమ్మాయి యీ సంగతి విని నాకొక కథ చెప్పినది. అమెరికాలో అప్పలాచియన్ ట్రెయిల్ అను కొండదారి యున్నది; 2,000 మైళ్లకు పై చిల్లర. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అను నామె, 67 ఏండ్ల వయసున, పదునొకండుగురు బిడ్డల తల్లి, ఆ దారినంతయు నొంటరిగా నడచినది. అట్లు ఒక్క యేటిలో నొంటరిగా పూర్తిచేసిన స్త్రీలలో నామెయే మొదటిది. ఆమె దుకాణములోని గొప్ప సంచి కొనలేదు. ముదురు జీనుగుడ్డతో తానే యొక సంచి కుట్టుకొని భుజమున వేసికొన్నది. ఒక కంబళి, వాన పడినప్పుడు కప్పుకొనుటకు స్నానపుగదిలో గట్టు తెఱ, ఇట్టివే యామె సామాను. తేలికగా నడచువారందఱు నేడామెను గురువుగా దలంతురు. ఈ కథ విని నాకు ధైర్యము గలిగినది. కుట్టుపని మనకు రానిది గాదు గదా!

పాత నూలుచీర చింపి కుట్టుటకు గూర్చుంటిని. ఉత్సాహము హద్దు మీఱి పదునొకండు సంచులు కుట్టితిని. దువ్వెనకొకటి, సబ్బునకొకటి, సూదిదారమునకొకటి. వానినన్నిటిని పెద్దసంచిలో నింపి, తెల్లవాఱుజామున మా యూరి దారిని రెండు మైళ్లు నడచి చూచితిని. ఎదురైనవారెల్ల "ఏ ఊరమ్మా ప్రయాణం?" అని యడిగిరి. "ఏ ఊరూ కాదు" అనిన వింతగా జూచిరి. తిరిగి వచ్చి దువ్వెన తీయబోగా మూడు సంచులు విప్పవలసి వచ్చినది. సంచులు లేనప్పుడు వస్తువులు పోయినవి. సంచులెక్కువైనప్పుడు సంచులే పోయినవి! అప్పుడు మా పోపులపెట్టె జ్ఞప్తికి వచ్చినది. అందు గిన్నెలు ఏడు, డెబ్బది గావు. ఆవాలు, జీలకఱ్ఱ, మినపప్పు, ఎండుమిరప, ఇవి యొక మూతక్రింద నేల యున్నవి? పొయ్యిమీద నూనె కాగినప్పుడు అన్నియు నొక్కసారి కావలెను గనుక. వస్తువు జాతిని బట్టి గాక, అక్కఱ వచ్చు వేళను బట్టి కూర్చవలెనని యప్పుడు తెలిసినది. పదునొకండును విప్పి అయిదు చేసితిని.

మొదటిది నడుము సంచి. ఇది పెద్దసంచిలో నుండదు, ఒంటిమీదనే యుండును. ఇందు చక్కెర, చిన్న టార్చిలైటు, ఈల, కొంత డబ్బు, పేరును ఇంటివారి ఫోను నంబరును వ్రాసిన చీటి. చక్కెర కాగితములో గట్టినచో చిరుగును. గుడ్డలో గట్టినచో చీమలు పట్టును, చెమటకు గరగును. బిగువు మూతగల పాత కుంకుమ భరిణెలో బోసితిని. రెండవది మందుల సంచి. ఇన్సులిన్ బుడ్డి వాడుక మొదలిడిన పిదప సుమారు నాలుగు వారములు మామూలు వేడిమిలో నుండవచ్చును గాని, ఎండ తగులరాదు. దానిని తడిగుడ్డ చుట్టి, బట్టల నడుమ నుంచితిని. సూదులు గట్టి డబ్బాలో బెట్టి, వాడినవానిని గూడ అందే యుంచి యింటికి దెచ్చుటకు ఏర్పాటు చేసితిని. మూడవది కాళ్ల సంచి: బొబ్బల పట్టీ, దూది, సూది, కత్తెర, కొబ్బరినూనె. నాల్గవది స్నానపు సంచి: సబ్బు, పలుదోము పొడి, దువ్వెన, చిన్న తువాలు. ఐదవది రాత్రి సంచి: శాలువ, ఒక చీర, అగ్గిపెట్టె.

పెద్దసంచిలో వీని స్థానమును బాగుగా నాలోచించితిని. రాత్రి బసలోగాని అవసరముండని రాత్రి సంచియు దుప్పటియు అడుగున నుండవలెను. బరువైన భోజన పదార్థములు నడిమిభాగమున వీపునకు ఆనుకొని యుండవలెను. దూరముగా నున్నచో సంచి వెనుకకు లాగి భుజములు నొచ్చును. కాళ్ల సంచి, మందుల సంచి పైని. నీటిసీసాలు రెండు ప్రక్కల, సమమైన బరువున. ఈ మాఱు తూచగా నీరుగాక నాలుగున్నర కిలోలు. తన యొడలి బరువులో పదియవ వంతునకు మించి మోయకున్న నడక సుఖమని నా యనుభవము.

సంచులకు రంగులు వేఱువేఱుగా నుంచితిని గాని, రాత్రి కరెంటు పోయినప్పుడు చూడగా నన్నియు నలుపే! అందుచే మందుల సంచి బొందుకు ఒక గవ్వ కుట్టితిని. కాళ్ల సంచికి రెండు ముడులు. స్నానపు సంచికి పెద్ద గుండీ. రాత్రి సంచికి ఏ గుఱుతు లేదు. గుఱుతు లేకపోవుటయే దాని గుఱుతు. తరువాత దీపమార్పి, మా వారి చేతికి సంచి యిచ్చి "మందులు తీయండి" అంటిని. మొదట దువ్వెన తీసిరి. రెండవసారి గవ్వను తడిమి, మందుల సంచి తీసిరి. మేనల్లుడు, కోడలు, వదినగారు నందఱును కన్నులు మూసికొని యభ్యాసము చేసిరి. ఇల్లంతయు నవ్వులాటయైనది గాని, ఆ నవ్వులాటలోనే నాకు అసలు సంగతి బోధపడినది.

ఆ యేడు మెట్లమీద పోయినది చక్కెర పొట్లము గాదు. "ఏది కావాలన్నా నన్నడుగు" అన్న నా మాటయే వదినగారి ప్రాణముమీదికి దెచ్చినది. నేనొక్కతెనే యెఱిగినంత కాలము అది సర్దుబాటు గాదు, దాచుటయే. ఆ మెట్టుపై గూలబడినది వదినగారు గాక నేనే యైనచో? అప్పుడు ఆ సంచి యెవరికి బనికివచ్చును? ఒకరు సర్దినదానిలో మఱియొకరి చేయి చీకటిలో వస్తువును దొరకించుకొనగలిగినప్పుడే యది సర్దుట యగును. మన వంటయిండ్లును ఇట్టివే గదా. మనము రెండు దినములు జ్వరపడినచో ఉప్పు డబ్బా యెచ్చటనో ఇంటిల్లిపాదికి దెలియదు. దానిని మనము లోలోపల గొప్పగా దలంతుము. నేనును దలచినదాననే. మొదటి యేడు నేను అడవిలో నడుగిడువఱకు మా వారు మూడు సారులు ఫోను చేసిరి. మూడు సారులును ఇంగువ కొఱకే.

రెండవ యేడు మరల శివరాత్రికి అదే దారిని బోయితిమి. చక్కెర భరిణె ఈసారి నా నడుమున గాక వదినగారి నడుముననే గట్టితిని. జబ్బు ఎవరిదో మందును వారి యొంటిమీదనే యుండవలెను. జట్టులో నందఱకును గుఱుతులు నేర్పితిమి: చెమట, వణకు, తడబాటు. అట్టివి కానవచ్చినచో మూడు చెంచాల చక్కెర, అనగా 15 గ్రాములు, పెట్టి పావుగంట చూడవలెను; తగ్గనిచో మరల నంతే పెట్టవలెను. తెలివి తప్పినవారి నోట మాత్రము ఏమియు బోయరాదు. వారిని వైద్యుని యొద్దకే చేర్పవలెను. ఏకభుక్తము మాటయెత్తగా, "వేళకు తినడమే నీ వ్రతం వదినా" యని నేనే గట్టిగా జెప్పితిని. వైద్యునితో మాటలాడి నడక దినములకు ఇన్సులిన్ మోతాదును సరిచేయించుకొంటిమి.

భీముని కొలను మెట్లు మరల వచ్చినవి. సగము దిగిన తరువాత వదినగారు ఆగిరి. నా గుండె ఝల్లుమన్నది. ఆమె మెట్టుపై గూర్చుండి, నాతో నేమియు ననక, నడుము తడిమి భరిణె తీసి, చక్కెర నోట వేసికొని నీరు త్రాగిరి. "కొంచెం చెయ్యి వణికింది, అంతే. పదండి" అనుచు పావుగంటకు లేచిరి. మఱికొంత దూరము పోగా నా మడమయే బొబ్బలెక్కినది. నేను రాతిపై గూర్చుండునంతలో వెనుకనుండి కోడలుపిల్ల నా సంచిలో చేయి పెట్టి, రెండు ముడులను తడిమి, కాళ్ల సంచి తీసినది. "ఎక్కడుంది అత్తయ్యా?" యని యడుగలేదు. ముప్పది యేండ్ల సంసారములో నన్నెవ్వరు నేదియు నడుగని తొలి ఘడియ అదియే కాబోలు. నాకు చిన్నతనముగా దోచునని భయపడితిని, తోచలేదు. భుజము తేలికయైనట్లే యుండెను.

దారిపొడవునను, బసలకడను, కైలాసద్వారముకడను నిరుటి స్త్రీ కనబడునేమోయని చూచుచునే యుంటిని. కనబడలేదు. ఆమె ఋణము దీర్చు మార్గము వేఱొకటి దోపక, ఇప్పుడు నా నడుమున రెండు భరిణెలు గట్టుకొనుచున్నాను. ఒకటి మా వదినగారికి చాలకపోయినచో నని. రెండవది దారిని బోవువారిలో నెవరికైన నక్కఱ యగునేమోయని. సొంత సామానులో నెంత తగ్గించినను, ఈ రెండవ భరిణె బరువును మాత్రము తగ్గింపదలచలేదు.

బయలుదేరుటకు ముందు మా వంటయింటిని గూడ నీ పద్ధతినే సర్ది, మా వారికి ఒక పూట చూపించితిని. ఈ మాఱు ఫోను రాలేదు. ఇల్లు చేరి వంటయింటిలో నడుగుపెట్టితిని. చారు గిన్నె తోమి బోర్లించియున్నది. ఇంగువ డబ్బా దాని చోటున నున్నది. పోపులపెట్టె తెఱచి చూచితిని. ఆవాల గిన్నెలో రెండు మెంతిగింజలు పడియున్నవి గాని, మూత సరిగానే పెట్టిరి.